గాలిలో గుద్దు: ఆటకు తెలిసేదెంత, తెలియనిదెంత

ఇద్దరు టీవీ ముందు నిలబడి బాక్సింగ్ గేమ్ ఆడుతున్నారు. ఒకాయన నడివయసు మనిషి. కాళ్లు ఎడంగా పెట్టి, భుజం తిప్పి, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడగట్టుకుని గుద్దుతున్నాడు. రెండో రౌండుకే చొక్కా తడిసిపోయింది. పక్కన ఎనిమిదేళ్ల పాప. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని, పిడికిళ్లను మాత్రం జానెడు దూరం ముందుకు విదిలించి ఆపుతోంది. ఒక విదిలింపు, చిన్న విరామం, మళ్లీ ఒక విదిలింపు. తెర మీద ఆ పాప బొమ్మ చకచకా గుద్దుతోంది. ఆయన బొమ్మ ఉన్నచోటే తడబడుతోంది. గెలుస్తున్నది పాపే.

ఈ దృశ్యం చూసినవాళ్లు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు. సెన్సర్ సరిగా పనిచేయడం లేదని కొందరు. ఇది బాక్సింగే కాదు, ఊరికే చేతులాడించడమని మరికొందరు. నా దృష్టిలో రెండూ తొందరపాటు తీర్పులే. సెన్సర్ తనకు తెలిసింది తెలిసినట్టే చెబుతోంది. ఆటే దానికి తెలియని సంగతులు కూడా అడుగుతోంది, జవాబు దొరకని చోట ఊహతో పూడ్చుకుంటోంది. కదలికలతో ఆడే బాక్సింగ్ గేముల్లో ఏది బాగుంటుంది, ఏ పరికరం ఉపయోగపడుతుంది, ఏది దండగ అన్న అయోమయమంతా ఈ ఒక్క ముడి దగ్గరే ఉంది. దాన్ని విప్పితే మిగతా చిక్కులు వాటంతటవే వదులవుతాయి.

ఒక గుద్దు గురించి ఆట అడగగలిగే ప్రశ్నలు మూడు. ఎప్పుడు గుద్దారు? చెయ్యి ఎటు తిరిగి ఉంది? పిడికిలి ఎక్కడ ఉంది? వినడానికి మూడూ ఒకే రకం ప్రశ్నల్లా ఉన్నా, ఒక్కోదానికి ఒక్కో రకమైన సెన్సర్ కావాలి, కష్టం కూడా ఒకదాన్ని మించి ఒకటి. గత పాతికేళ్లలో వచ్చిన బాక్సింగ్ గేములన్నిటినీ ఈ మూడింటిలో దేన్ని నమ్ముకున్నాయో చూసి అర్థం చేసుకోవచ్చు.

ముందుగా "ఎప్పుడు". దీనికి జవాబిచ్చేది యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్. దాని లోపల సన్నని సిలికాన్ స్ప్రింగుల మీద నిలిపిన అతి చిన్న బరువు ఒకటి ఉంటుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, చెయ్యి ముందుకు దూసుకెళ్లినప్పుడు ఆ బరువు కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడిందో కొలిచి చిప్ అంకె చెబుతుంది. ఆ అంకె పిడికిలి ఎంత వేగంగా వెళ్తోందో చెప్పదు, ఎంత దూరం వెళ్లిందో చెప్పదు. వేగం ఎంత త్వరగా మారుతోందో, అంటే త్వరణం ఎంతో, అంతవరకే చెబుతుంది.

2006 చివర్లో వచ్చిన నింటెండో వీ (Wii) అనే గేమ్ యంత్రం రిమోట్‌లో ఉన్నది ఇదే. దానికి తీగతో తగిలించే నన్‌చక్ అనే రెండో ముక్కలోనూ ఇలాంటి చిప్ మరొకటి ఉంది. జపాన్, దక్షిణ కొరియాలు తప్ప చాలాచోట్ల ఆ యంత్రంతో పాటే ఇచ్చిన వీ స్పోర్ట్స్ అనే గేములో టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్‌లతో పాటు బాక్సింగ్ అయిదో ఆట. కుడిచేతిలో రిమోట్, ఎడమచేతిలో నన్‌చక్ పట్టుకుని పిడికిళ్లు పైకెత్తితే బాక్సర్ భంగిమ వస్తుంది. రిమోట్ ముక్కు దగ్గర ఒక పరారుణ కెమెరా కూడా ఉన్న మాట నిజమే. టీవీ పైన పెట్టే సన్నని పట్టీలోని పరారుణ దీపాలను చూసి, రిమోట్ తెర మీద ఎటు గురిపెట్టిందో అది లెక్క కడుతుంది. ఆ పట్టీని అందరూ సెన్సర్ బార్ అంటారు గానీ అందులో సెన్సర్ ఏదీ లేదు, దీపాలే. పైగా బాక్సింగ్‌లో రిమోట్‌ను నిటారుగా పట్టుకుంటాం కాబట్టి కెమెరా పైకప్పును చూస్తూ ఉంటుంది. ఆట మొత్తం ఆ రెండు యాక్సిలరోమీటర్ల మీదే నడవాలి.

ఇప్పుడు చొక్కా తడిసిన ఆ పెద్దమనిషి దగ్గరికి వద్దాం. వీ రిమోట్‌లోని చిప్ కొలవగలిగేది భూమ్యాకర్షణకు ఇంచుమించు మూడింతల త్వరణం దాకా. పిడికిలి కదలకుండా ఉన్న స్థితి నుంచి సెకనులో పదో వంతు కాలంలో సెకనుకు 8 మీటర్ల వేగం అందుకుందనుకోండి. అది భూమ్యాకర్షణకు ఎనిమిదింతల త్వరణం. మూడు కిలోల దాకా తూచే స్ప్రింగు త్రాసుకు ఎనిమిది కిలోల మూట తగిలిస్తే ఏమవుతుంది? ముల్లు చివరికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. నాలుగు కిలోల మూటకైనా, ఎనిమిది కిలోల మూటకైనా ముల్లు చూపించేది ఒకటే. ఆయన అదనంగా పెట్టిన బలమంతా త్రాసు అవతల ఎక్కడో ఖర్చయిపోతోంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బలంగా గుద్దాలనుకున్నవాళ్లు ముందు చెయ్యి వెనక్కి లాగుతారు, తర్వాత విసురుతారు, చివర్లో చెయ్యి దానంతటదే కుదుపుతో ఆగుతుంది. చిప్‌కు ఇవి మూడు వేర్వేరు తోపుల్లా కనిపిస్తాయి, అదీ ఎదురెదురు దిక్కుల్లో. ఇందులో అసలు గుద్దు ఏది? చెయ్యి ఊగిసలాడుతున్నంతసేపూ ఆట తేల్చుకోలేదు. పాప విదిలింపులో వెనక్కి లాగడం లేదు, ఆగడం శుభ్రంగా ఉంది. పైగా తెర మీద బొమ్మ ఒక గుద్దు ముగించి చెయ్యి వెనక్కి తీసుకునేదాకా ఆ పాప ఆగుతోంది. ఆమె సెన్సర్‌ను మోసం చేయడం లేదు. దానికి అర్థమయ్యే భాషలో మాట్లాడుతోంది.

యాక్సిలరోమీటర్‌కు ఉన్న మరో పరిమితి భూమ్యాకర్షణ. చెయ్యి కదలకుండా ఉన్నప్పుడు కూడా ఆ చిన్న బరువును భూమి లాగుతూనే ఉంటుంది. ఇది ఒక విధంగా వరమే. ఆ లాగుడు ఎటువైపుందో చూసి రిమోట్ ఎంత వాలి ఉందో తెలుసుకోవచ్చు. వీ బాక్సింగ్‌లో రెండు చేతులూ ఒక పక్కకు వాలిస్తే బొమ్మ ఆ పక్కకు తప్పుకునేది ఇందువల్లే. మనం నడుము వంచి ఒరిగినా ఆటకు తెలిసేది చేతుల వాలే. సోఫాలో కూర్చుని రిమోట్లు రెండూ పక్కకు వంచినా బొమ్మ అంతే చక్కగా తప్పుకుంటుంది. చెయ్యి కదలడం మొదలైందా, భూమి లాగుడు ఎంతో, మన తోపు ఎంతో విడదీయడం ఆ ఒక్క చిప్‌కు సాధ్యం కాదు.

త్వరణం తెలిస్తే వేగం లెక్కించవచ్చు కదా, వేగం తెలిస్తే దూరం లెక్కించవచ్చు కదా, అక్కడితో "ఎక్కడ" అన్న ప్రశ్నకూ జవాబు వచ్చేసినట్టే కదా అని భౌతికశాస్త్రం చదివినవాళ్లకు అనిపిస్తుంది. కాగితం మీద నిజమే. చిక్కంతా చిన్న చిన్న పొరపాట్లు పేరుకుపోవడంలో ఉంది. వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 0.1 మీటరు చొప్పున మారుతోందని చిప్ తప్పుగా చెబుతోందనుకుందాం. భూమ్యాకర్షణలో అది నూరో వంతు మాత్రమే, అంటే చాలా మంచి చిప్ అన్నట్టు. ఒక సెకను గడిచేసరికి పిడికిలి ఉన్న చోటు లెక్కలో 5 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రెండు సెకన్లకు 20 సెంటీమీటర్లు. పది సెకన్లకు 5 మీటర్లు. అంటే మీ పిడికిలి పక్కింట్లో ఉందని ఆట నమ్ముతుంది. తప్పు కాలంతో సమానంగా పెరగదు, కాలం వర్గంతో పెరుగుతుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, కళ్లకు తొడుక్కుని ఆడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) దగ్గర మళ్లీ అవసరమవుతాయి.

ఇక "ఎటు". దీనికి జవాబిచ్చేది గైరోస్కోప్. చెయ్యి ఏ అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో అది చెబుతుంది. యాక్సిలరోమీటర్‌తో కలిపి వాడితే భూమ్యాకర్షణ ముడి చాలావరకు విడిపోతుంది. వీకి ఈ శక్తి 2009లో మోషన్‌ప్లస్ అనే చిన్న తగిలింపు ముక్కతో వచ్చింది. అదే ఏడాది వచ్చిన వీ స్పోర్ట్స్ రిసార్ట్‌లో పన్నెండు ఆటలున్నాయి, కత్తిసాము ఉంది, బాక్సింగ్ లేదు. అందులో న్యాయం ఉందని నాకు అనిపిస్తుంది. కత్తిసాములో కీలకం కత్తి ఎటు వాలి ఉందన్నది. మణికట్టు తిప్పితే కత్తి మొన అంత దూరం తిరుగుతుంది, గైరోస్కోప్ దాన్ని పట్టుకుంటుంది. పిడిగుద్దులో కీలకం పిడికిలి ఎంత దూరం వెళ్లిందన్నది. తిన్నగా కొట్టే జాబ్‌లో తిరగడం తక్కువ. ఇంకో అడ్డంకి కూడా ఉంది. మోషన్‌ప్లస్ రిమోట్ అడుగున తగులుతుంది, నన్‌చక్‌లో గైరోస్కోప్ లేదు. ఒక చేతికి దిక్కు తెలిసి, రెండో చేతికి తెలియకపోతే బాక్సర్ ఏం చేస్తాడు?

ఈ అసమానత 2017లో వచ్చిన నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రంతో తీరింది. దాని జాయ్‌కాన్ కంట్రోలర్లు రెండింటిలోనూ యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ రెండూ ఉన్నాయి. ఒక్కోటి 50 గ్రాముల బరువు, పిడికిట్లో ఇమిడిపోతుంది. వీటి మీద ఇమాజినీర్ అనే సంస్థ చేసిన ఫిట్‌నెస్ బాక్సింగ్ 2018 డిసెంబరులో జపాన్‌లో, మరుసటి నెలలో మిగతా దేశాల్లో విడుదలైంది. 2020లో రెండోది, 2024లో మూడోది వచ్చాయి. నా మట్టుకు నేను ఈ గేముల్లోని ఆలోచనను చాలా గౌరవిస్తాను. ఇందులో ప్రత్యర్థితో పోరాటం ప్రధానం కాదు. పాట సాగుతుంది, తెర మీద జాబ్, స్ట్రెయిట్ (వెనక చేత్తో తిన్నగా కొట్టేది), హుక్ (పక్కనుంచి కొట్టేది), అప్పర్‌కట్ (కిందినుంచి గడ్డం వైపు కొట్టేది) గుర్తులు అడుగునుంచి పైకి వస్తాయి, గీత దగ్గరికి చేరిన క్షణంలో ఆ గుద్దు గుద్దాలి. అంటే ఆట అడిగే అసలు ప్రశ్న "ఎప్పుడు". కొద్దిగా "ఎటు". "ఎక్కడ" అన్న ప్రశ్నను అది అడగనే అడగదు.

సెన్సర్‌కు తెలిసినదాన్నే అడిగిన ఆట ఇది. అందుకే అది వీ బాక్సింగ్ కంటే న్యాయంగా అనిపిస్తుంది. హుక్ కొట్టమన్నప్పుడు అప్పర్‌కట్ కొట్టినా ఒక్కోసారి ఒప్పుకుంటుంది, కాళ్లు కదపకపోయినా పట్టించుకోదు, కూర్చుని ఆడినా మార్కులు వేస్తుంది. వీటిని లోపాలంటూ చాలామంది ఎత్తిచూపుతారు. ఒప్పుకుంటాను. కానీ ఈ ఆటలో సరైన క్షణానికి గుద్దిన గుద్దు ఎందుకు లెక్కలోకి రాలేదో తెలియక తల పట్టుకునే సందర్భాలు తక్కువ. రోజూ అరగంట ఆడాలనుకున్నవాళ్లకు కావలసింది ఆ నమ్మకమే.

"ఎక్కడ" అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే బయటినుంచి చూసే కన్ను ఒకటి ఉండాలి. ఈ ప్రయత్నాలు వీ కంటే పాతవి. 1989లో మాటెల్ సంస్థ అమ్మిన పవర్ గ్లవ్ అతిధ్వని తరంగాలతో ఈ పని చేయాలని చూసింది. గ్లవ్ మీది పరికరాలు మనకు వినిపించని శబ్దం చేస్తే, టీవీ చుట్టూ అమర్చిన మూడు గ్రాహకాలు ఆ శబ్దం తమను చేరిన సమయాన్ని బట్టి దూరం లెక్కకట్టేవి. ఊహ గొప్పదే, చేతిలో మాత్రం మొండికేసేది. 2001లో కోనామీ సంస్థ ఆర్కేడ్ల (డబ్బులు వేసి ఆడే గేమ్ కేంద్రాల) కోసం చేసిన మోక్యాప్ బాక్సింగ్‌లో ఆటగాడు గ్లవ్స్ తొడుక్కుని నిలబడితే చుట్టూ ఉన్న సెన్సర్లు కనిపెట్టేవి. 2003లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన ఐటాయ్ కెమెరా ఆటల్లో కూడా ఒక బాక్సింగ్ ఉంది. ఆ కెమెరాకు లోతు తెలియదు, చిత్రంలో ఎక్కడ కదలిక ఉందో అంతవరకే తెలుసు. అది అంతకు మించి ఆశించలేదు కాబట్టి పిల్లలు హాయిగా ఆడుకున్నారు.

2010 శరత్కాలంలో రెండు భిన్నమైన కళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సోనీ ప్లేస్టేషన్ మూవ్ కంట్రోలర్ కొనకు వెలిగే బంతిని పెట్టింది. ఆ బంతి అసలు పరిమాణం యంత్రానికి ముందే తెలుసు. కెమెరా చిత్రంలో బంతి పెద్దదిగా కనిపిస్తే దగ్గరగా ఉన్నట్టు, చిన్నదిగా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు. ఇంత సూటి ఉపాయం ఈ రంగంలో నాకు మరొకటి కనిపించలేదు. గుండ్రని వస్తువు ఎటు తిప్పినా గుండ్రంగానే ఉంటుంది, కనుక చెయ్యి ఎలా తిరిగినా లెక్క చెడదు. తిరుగుడు సంగతి లోపలి గైరోస్కోప్ చూసుకుంటుంది. రెండు మూవ్‌లు పట్టుకుని ఆడే ది ఫైట్: లైట్స్ అవుట్ అనే కొట్లాట గేమ్ ఆ ఏడాదే వచ్చింది. గది వెలుతురు, కెమెరా ఎత్తు, మనిషి నిలబడే దూరం కుదిరితే పిడికిలి వెళ్లిన దారినే బొమ్మ పిడికిలి వెళ్లేది.

రెండోది మైక్రోసాఫ్ట్ కినెక్ట్. చేతిలో ఏదీ పట్టుకోనక్కర లేదు. అది గది మీద కంటికి కనిపించని పరారుణ చుక్కలు చల్లి, ఆ చుక్కల అమరిక ఎలా చెదిరిందో చూసి ప్రతి బిందువు ఎంత దూరంలో ఉందో లెక్కించేది. ఆ లోతు చిత్రంలోంచి ఒంట్లోని 20 కీళ్లను గుర్తించేది, సెకనుకు 30 సార్లు. కినెక్ట్ స్పోర్ట్స్‌లో బాక్సింగ్ ఉంది. ఖాళీ పిడికిళ్లతో టీవీ ముందు నిలబడి గుద్దడంలో మొదటి నిమిషం కలిగే ఆనందం అంతా ఇంతా కాదు. ఆ తర్వాత చిక్కులు మొదలవుతాయి.

లెక్క చూడండి. సెకనుకు 30 చిత్రాలంటే చిత్రానికీ చిత్రానికీ మధ్య 33 మిల్లీసెకన్లు. సెకనుకు 8 మీటర్ల వేగంతో వెళ్తున్న పిడికిలి ఆ వ్యవధిలో దాదాపు 27 సెంటీమీటర్లు దాటుతుంది. అంటే జాబ్ మొత్తాన్ని రెండు మూడు చిత్రాల్లోంచి ఊహించుకోవాలి. చిత్రం తీసి, కీళ్లు గుర్తించి, తెర మీద చూపించేసరికి పదో వంతు సెకను ఆలస్యమైతే, బొమ్మ చెయ్యి మొదలయ్యేటప్పటికే మీ చెయ్యి చాచడం ముగిసిపోయి ఉంటుంది. దీనికి తోడు, కెమెరా ఎదురుగా ఉంటుంది, గుద్దు కెమెరా వైపే వస్తుంది. ముందుకొచ్చిన పిడికిలి తన వెనకున్న మోచేతిని, భుజాన్ని కప్పేస్తుంది. రెండు పిడికిళ్లూ మొహం ముందు పెట్టుకుని కాచుకునే భంగిమలోనైతే ఏది కుడిచెయ్యో ఏది ఎడమచెయ్యో తేల్చడం మరీ కష్టం. గంతులు వేసే ఆటల్లో, నాట్యంలో కినెక్ట్ ఎందుకు మెరిసిందో, బాక్సింగ్‌లో ఎందుకు తడబడిందో ఇక్కడే తెలుస్తుంది. నాట్యంలో చేతులు బయటికి విచ్చుకుంటాయి, బాక్సింగ్‌లో లోపలికి ముడుచుకుంటాయి.

తలకు తగిలించే వీఆర్ హెడ్‌సెట్లతో కన్ను ఉండే చోటే మారిపోయింది. ది థ్రిల్ ఆఫ్ ది ఫైట్ అనే గేమ్ 2016లో వచ్చింది. అప్పట్లో గది మూలల్లో పెట్టిన పెట్టెలు లేజర్ కిరణాలతో గదిని తుడుస్తుంటే హెడ్‌సెట్, కంట్రోలర్లు తామెక్కడున్నాయో తెలుసుకునేవి. 2019లో వచ్చిన ఆక్యులస్ క్వెస్ట్‌లో కెమెరాలు హెడ్‌సెట్‌లోనే ఉన్నాయి. కంట్రోలర్ల మీది వలయంలోని పరారుణ దీపాలను అవి చూస్తాయి. మొదటిసారిగా మూడో ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికింది. చేతులతో పాటు తల ఎక్కడుందో కూడా ఆటకు తెలుసు. బాక్సింగ్‌కు ఇదే పెద్ద మార్పని నా అభిప్రాయం. ప్రత్యర్థి గుద్దు వస్తుంటే మీట నొక్కడమో రిమోట్లు వంచడమో కాకుండా నిజంగా మోకాళ్లు వంచి తల తప్పించాలి. పది నిమిషాలకు తొడలు మండుతాయి.

అయినా పాత లెక్క వదల్లేదు. హుక్ కోసం చెయ్యి చెవి వెనక్కి తీసుకెళ్లినా, నడుము దగ్గరికి దించినా హెడ్‌సెట్ కెమెరాలకు అది కనిపించదు. కనిపించనంతసేపూ లోపలి యాక్సిలరోమీటర్, గైరోస్కోప్‌ల లెక్కతోనే నెట్టుకురావాలి. పావు సెకనైతే తప్పు మిల్లీమీటర్లలో ఉంటుంది, ఎవరికీ తెలియదు. చెయ్యి రెండు సెకన్లు అక్కడే ఉంచితే ఇందాకటి 20 సెంటీమీటర్ల తేడా గుర్తొస్తుంది. గుద్దు గాలిలోకి ఎగిరిపోయిందని ఆటగాళ్లు ఫిర్యాదు చేసే సందర్భాల్లో ఇదొకటి. చెయ్యి కళ్లెదుట ఉంచి, అక్కడినుంచే గుద్దడం అలవాటు చేసుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. అసలు బాక్సింగ్‌లో కూడా చేతులు దించకూడదనే నేర్పుతారు కాబట్టి ఇందులో నష్టమేమీ లేదు.

వీఆర్ తీర్చలేని కొరత ఒకటుంది. పిడికిలికి ఏదీ తగలదు. కళ్లకు దవడ కనిపిస్తుంది, చెయ్యి దాని గుండా దూసుకుపోతుంది, కంట్రోలర్ లోపలి మోటారు ఒక్కసారి వణుకుతుంది, అంతే. ది థ్రిల్ ఆఫ్ ది ఫైట్ దీన్ని దాచిపెట్టకుండా పిడికిలి వేగాన్ని బట్టి దెబ్బ బలం నిర్ణయిస్తుంది. మణికట్టు విదిలింపులతో అక్కడ పనికాదు. పాప పద్ధతి ఇక్కడ ఓడిపోతుంది, పెద్దమనిషి పద్ధతి గెలుస్తుంది. 2018లో సర్వియోస్ సంస్థ చేసిన క్రీడ్: రైజ్ టు గ్లోరీ ఇంకో దారి పట్టింది. ఆపకుండా గుద్దితే తెర మీద మీ చేతులు అలసిపోతాయి. మీ అసలు చెయ్యి ముందుకు వెళ్లినా బొమ్మ చెయ్యి బద్ధకంగా వెనకబడుతుంది. చెయ్యి ఊపడం ఆపి కాచుకుంటే ఊపిరి తిరిగొస్తుంది. తగలని దెబ్బకు, రాని అలసటకు బదులుగా ఆట ఒక నియమం పెట్టింది. కొందరికి ఇది చిరాకు. నాకు మాత్రం ఇది పరిమితిని ఒప్పుకుని దాని చుట్టూ ఆట అల్లిన పనితనంలా కనిపిస్తుంది.

ఇక చేతికి తొడిగే, తగిలించే వస్తువుల సంగతి. ఇక్కడే డబ్బు ఎక్కువ వృథా అవుతుంది కాబట్టి సూటిగా చెబుతాను. బాక్సింగ్ గ్లవ్ ఆకారంలో నురుగుతోనో ప్లాస్టిక్‌తోనో చేసి, లోపల కంట్రోలర్ ఇరికించుకునే తొడుగులు వీ రోజుల నుంచీ ఉన్నాయి, జాయ్‌కాన్‌లకూ వచ్చాయి. వాటిలో సెన్సర్ ఉండదు. ఆటకు వాటివల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. మరి ఉపయోగం లేదా అంటే ఉంది, అది చేతికి. జాయ్‌కాన్‌ను పిడికిట్లో బిగించి అరగంట గుద్దితే వేళ్లు నొప్పెడతాయి, పొరపాటున మీట నొక్కి ఆట ఆగిపోతుంది. అరచేతిని చుట్టి పట్టే మంచి పట్టీ ఉంటే వేళ్లు వదులుగా ఉంచవచ్చు. కొనేముందు చూడాల్సింది ఒక్కటే, కంట్రోలర్ లోపల కదలకుండా ఉంటుందా లేదా. తొడుగులో అది అర సెంటీమీటరు ఆడినా, ప్రతి గుద్దు చివర్లో ఠక్కుమని కొట్టుకుంటుంది. చిప్‌కు ఆ ఠక్కు ఇంకో చిన్న గుద్దులా కనిపిస్తుంది.

వీఆర్ కంట్రోలర్లకు దీపాల వలయాన్ని కప్పేసే తొడుగు ఏదైనా సరే వద్దు. కెమెరా చూడాల్సింది ఆ దీపాలనే. వలయం ఉన్న కంట్రోలర్‌కు మెత్తని గ్లవ్ తొడిగితే కంటి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

మణికట్టు తాడును మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. వీ వచ్చిన కొత్తలో రిమోట్లు చేజారి, తాళ్లు తెగి, టీవీలకు తగిలిన ఘటనల తర్వాత నింటెండో 2006 డిసెంబరులో దాదాపు 32 లక్షల తాళ్లకు బదులు మందమైనవి ఇస్తానని ప్రకటించింది. మరుసటి ఏడాది రిమోట్‌కు మెత్తని రబ్బరు తొడుగు కూడా ఇచ్చింది. చెమట పట్టిన అరచెయ్యి వేగంగా వెళ్తున్న వస్తువును పట్టి ఉంచలేదు.

తగిలింపుల్లో నిజంగా కొత్త సంగతి చెప్పేది వీ బాలెన్స్ బోర్డు. దాని నాలుగు మూలల్లో బరువు కొలిచే సెన్సర్లు ఉన్నాయి. 2009లో వీకి వచ్చిన పంచ్-అవుట్ అనే బాక్సింగ్ గేములో ఆ బోర్డు మీద నిలబడి ఒంటిని పక్కకు ఒరిగించి దెబ్బ తప్పించుకోవచ్చు. చేతులు చెప్పలేని మాటను కాళ్లు చెబుతాయి. ఆ దారిలో మరిన్ని గేములు రాకపోవడం నాకు లోటుగానే ఉంది. బాక్సింగ్ సగం కాళ్లలో ఉంటుంది, ఇన్నేళ్ల సెన్సర్లలో ఎక్కువ భాగం చేతులకే ఖర్చయింది.

మణికట్టుకు ఇసుక సంచులు, ఇనుప బరువులు కట్టుకుని గుద్దడం గురించి కూడా చెప్పాలి. నేనైతే వద్దంటాను. గాలిలో గుద్దినప్పుడు ఎదురు తగిలేది ఏదీ లేదు. వేగంగా వెళ్తున్న చెయ్యిని ఆపాల్సింది మోచేతి కీలు, దాని చుట్టూ ఉన్న కండరాలే. బరువు కట్టుకుంటే ఆ ఆపే భారం పెరుగుతుంది, వందల గుద్దులు గుద్దేటప్పుడు కీలుకు అది మంచిది కాదు. బరువు లేకపోయినా సరే, మోచెయ్యి పూర్తిగా చాచి బిగుసుకునేలా గుద్దవద్దు. చివర్లో చిన్న వంపు మిగలాలి. నీడతో సాధన చేసే బాక్సర్లకు శిక్షకులు చెప్పేది కూడా ఇదే.

ఇంత శ్రమకు వ్యాయామ ఫలం ఎంత? ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కౌమారంలో ఉన్న కొద్దిమంది పిల్లల చేత వీ స్పోర్ట్స్ ఆడించి, వాళ్లు ఖర్చుచేసే శక్తిని కొలిచి, 2007 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. కూర్చుని ఆడే గేముల కంటే కదిలి ఆడేవాటిలో ఖర్చు స్పష్టంగా ఎక్కువే. అయితే అవే ఆటలు మైదానంలో ఆడితే అయ్యే ఖర్చుతో పోలిస్తే తక్కువ, పిల్లలకు రోజూ కావలసిన వ్యాయామం కిందికి రాదు. ఇది వీ మీద జరిగిన పరిశోధన అని మరవకూడదు. జానెడు విదిలింపుకు మార్కులు వేసే ఆటలో ఒళ్లు ఎంత కదలాలో నిర్ణయించేది ఆటగాడే. మోకాళ్లు వంచితే తప్ప దెబ్బ తప్పని ఆటలో ఆ నిర్ణయం ఆట చేతిలో ఉంటుంది.

ఆడబోయే ముందు చేయాల్సిన పనులు కొద్దిగానే ఉన్నాయి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే అది పెట్టండి. చిత్రానికి మెరుగులు దిద్దే పని తగ్గించి, ఆలస్యం తగ్గిస్తుంది. పాటకు తగ్గట్టు గుద్దే ఆటల్లో దీని తేడా వెంటనే తెలుస్తుంది. గుద్దులు తప్పుగా పడుతుంటే కంట్రోలర్‌ను కదలని బల్ల మీద పెట్టి సెట్టింగ్స్‌లో సరిచూసుకోండి. గైరోస్కోప్‌కు "కదలకపోవడం" అంటే ఏమిటో మళ్లీ నేర్పడమది. వీఆర్‌లో గీసుకునే సరిహద్దు గోడకు ఆనుకుని ఉండకూడదు, చాచిన చెయ్యంత దూరం లోపలికి ఉండాలి. సరిహద్దు గీత కళ్లకు కనిపించేలోపే హుక్ దాన్ని దాటేస్తుంది. అలా ఒకసారి అల్మారా అంచుకు నా కుడిచేతి కణుపులు గీసుకుపోయాయి, వారం రోజులు పిడికిలి ముడవలేకపోయాను.

ఇక ఆ పెద్దమనిషికి, ఆ పాత వీ ముందే నిలబడితే, చెప్పాల్సింది ఇదే. మోచేతులు దగ్గరికి తెచ్చుకోండి. వెనక్కి లాగకుండా ఉన్నచోటినుంచే కొట్టండి. చెయ్యి ఆగనివ్వండి, మళ్లీ గడ్డం దగ్గరికి రానివ్వండి. బొమ్మ చెయ్యి వెనక్కి రావడం చూసి, అప్పుడు రెండోది.